ఊళ్లో ఉన్నట్టే లెక్క: సైనికుడి ఓటు వెనక కథ

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి తరం వెంట తరం సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. గోదావరి డెల్టాలో మిగతా ఊళ్లకు అంత పేరు లేదు గానీ, ఏ కాలవ గట్టు వెంట వెళ్లినా "మావాడు మిలిటరీ", "మా అల్లుడు సీఆర్పీఎఫ్" అనే ఇల్లు ఒకటైనా తగులుతుంది. మాదీ అలాంటి ఇల్లే. మా బాబాయి ఇరవై ఏళ్లకు పైగా ఆర్మీలో ఉండి వచ్చాడు. "సర్వీసులో ఉండగా ఎన్నిసార్లు ఓటేశావు బాబాయ్?" అని మొన్నామధ్య అడిగాను. రెండు వేళ్లు చూపించాడు. కాసేపాగి ఒకటి మడిచేశాడు.

సైనికుడికి ఓటు హక్కు లేదని మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. హక్కు మొదటి నుంచీ ఉంది. ఆ ఓటు ఊరి దాకా రావడానికి దారే సరిగా లేదు. ఇన్నేళ్లుగా జరిగిన మార్పులన్నీ ఆ దారి గురించే.

ఓటరుగా నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో మామూలుగా నివాసం ఉంటూ ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే కుర్రాడికైనా అదే రూలు. సైనికుడికి మాత్రం 20వ సెక్షన్లో ఒక వెసులుబాటు పెట్టారు. సర్వీసులో లేకపోయి ఉంటే ఆయన ఎక్కడ ఉండేవాడో అక్కడే ఉన్నట్టు లెక్క. మనిషి సియాచిన్‌లో ఉన్నా, అస్సాంలో ఉన్నా చట్టం దృష్టిలో నరసాపురంలోనో అంబాజీపేటలోనో ఉన్నట్టే. ఎన్ని సెక్షన్లు చదివినా నాకు ఇంత ఆప్యాయంగా కనిపించిన మాట ఇంకోటి లేదు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ వంటి బలగాలకు, రాష్ట్రం బయట పనిచేసే మన సాయుధ పోలీసులకు, విదేశాల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వీళ్లందరినీ కలిపి సర్వీసు ఓటర్లంటారు. ఓటర్ల జాబితాలో వీళ్ల పేర్లు చివరి భాగంలో విడిగా ఉంటాయి.

అంతకు ముందు కథ వేరు. బ్రిటిష్ కాలంలో ఓటు ఆస్తిని బట్టి, కట్టే పన్నును బట్టి వచ్చేది. మన డెల్టా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఆరో షెడ్యూలులో సైన్యం నుంచి రిటైరైన, పింఛను తీసుకునే, డిశ్చార్జి అయిన సైనికులకు ఆస్తితో పని లేకుండా ఓటు ఇచ్చారు. చనిపోయిన సైనికుడి పేరు మీద పింఛను అందుకునే తల్లికి, భార్యకు కూడా ఇచ్చారు. భర్తనో కొడుకునో సైన్యానికి ఇచ్చేసిన ఆడమనిషికి, సెంటు భూమి లేకపోయినా, 1937 ఎన్నికల్లో ఆ పింఛనే ఓటు తెచ్చిపెట్టిందన్నమాట. మాధవరం లాంటి ఊళ్లకు ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

స్వతంత్రం వచ్చాక అందరికీ ఓటు వచ్చింది. సర్వీసులో ఉన్నవాళ్లకు పోస్టల్ బ్యాలెట్ పెట్టారు. చిక్కంతా ఇక్కడి నుంచే మొదలైంది. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిస్తే గానీ బరిలో ఎవరున్నారో తేలదు. అది తేలాకే బ్యాలెట్ అచ్చవుతుంది. అచ్చయిన కాగితం కవర్లో పెట్టి పంపితే, ఆర్మీ పోస్టాఫీసు మీదుగా యూనిట్‌కి చేరాలి. యూనిట్ అప్పటికి ఇంకో చోటికి కదిలి ఉంటే దాని వెంట పోవాలి. జవాను టిక్కు పెట్టి, ఓటు తనదేనని రాసిచ్చే డిక్లరేషన్ మీద ఆఫీసరు సంతకం చేయించి, మళ్లీ పోస్టులో వేస్తే, లెక్కింపు రోజు ఉదయం 8 గంటల లోపు రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి. మా బాబాయికి ఒకసారి ఫలితాలు రేడియోలో విన్న పది రోజులకు బ్యాలెట్ అందింది.

ఇంకోసారి పోలింగ్ నాటికి ఆయన సెలవు మీద ఊళ్లోనే ఉన్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బూత్‌కి వెళ్తే, "మీ పేరు సర్వీసు ఓటర్లలో ఉందండి, ఇక్కడ వేయకూడదు" అన్నారు. రూలు ప్రకారం వాళ్లు చెప్పింది సరైనదే. పోస్టులో వేయాల్సిన ఓటు బూత్‌లో వేయడానికి లేదు. ఇంటికొచ్చి చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

1999లో కార్గిల్ యుద్ధం జూలై చివర్లో ముగిసింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. మన అసెంబ్లీకి కూడా అప్పుడే. దేశమంతా సైనికుల గురించే మాట్లాడుకున్న ఏడాదిలో కూడా వాళ్ల ఓటుకు పాత పోస్టు దారే దిక్కయింది.

2003లో చట్టం మార్చి ప్రాక్సీ ఓటు తెచ్చారు. అంటే తన బదులు ఓటు వేయడానికి ఊళ్లో ఒక మనిషిని నియమించుకోవచ్చు. సైనిక దళాలకూ, ఆర్మీ చట్టం వర్తించే బలగాలకూ మాత్రమే ఈ అవకాశం ఇచ్చారు. ఫారం 13ఎఫ్ నింపి, కమాండింగ్ ఆఫీసరు ముందు సంతకం పెట్టి పంపాలి. ప్రాక్సీగా ఉండే మనిషి ఆ నియోజకవర్గంలో నివసిస్తూ, 18 ఏళ్లు నిండి ఉండాలి. ఒకసారి నియమిస్తే రద్దు చేసేదాకా చెల్లుతుంది. ఆ మనిషి తన ఓటు వేసినప్పుడు చూపుడు వేలికి సిరా పెడతారు. సైనికుడి ఓటు వేసినప్పుడు ఎడమచేతి మధ్య వేలికి పెడతారు. సాయంత్రం ఇంటికొచ్చిన తల్లి చేతికి పక్కపక్క వేళ్లకు రెండు సిరా గుర్తులుంటాయి, ఒకటి తనది, ఒకటి కొడుకుది.

ఈ పద్ధతి మీద నాకు అభిమానమూ ఉంది, బెంగా ఉంది. ఓటు తప్పకుండా పడుతుంది, కాగితం దారిలో పోతుందన్న టెన్షన్ ఉండదు. కానీ రహస్య ఓటు అన్నమాటకి అర్థం పోతుంది. కొడుకు ఒక పార్టీ అంటే తండ్రి ఇంకో పార్టీ అనే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. లోపల తండ్రి ఏ బటన్ నొక్కాడో కొడుకు తెలుసుకునే దారి లేదు. ఓటుకింతని ఇంటింటికీ లెక్కగట్టి పంచే రోజుల్లో, దూరాన ఉన్నవాడి ఓటు కూడా ఆ లెక్కలో కలిసిపోతే అడిగేవాళ్లుండరు. అయినా పోస్టుకి దిక్కులేని చోట ఉన్నవాడికి ఇది పెద్ద ఆసరా. నమ్మకమైన మనిషి ఉంటే పెట్టుకోమనే చెబుతాను.

2014 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకో దారి తెరిచింది. పీస్ స్టేషన్లలో, అంటే సరిహద్దు ఉద్రిక్తతలు లేని ప్రశాంత ప్రాంతాల్లో ఉండేవాళ్లు, కావాలనుకుంటే తాము పనిచేసే చోటే మామూలు ఓటర్లుగా నమోదు కావచ్చని చెప్పింది. విశాఖలో నేవీలో ఉన్న నరసాపురం కుర్రాడు విశాఖలోనే బూత్‌కి వెళ్లి ఓటేయవచ్చు. అయితే రెండు చోట్లా పేరు ఉండకూడదు. సొంతూరి ఎమ్మెల్యేని ఎన్నుకోవాలా, ఉన్నచోటి ఎమ్మెల్యేనా అన్నది తనే తేల్చుకోవాలి.

అసలు మార్పు 2016లో వచ్చింది. ఆ అక్టోబరులో నిబంధనలు సవరించి, బ్యాలెట్‌ని ఆన్‌లైన్‌లో పంపడం మొదలుపెట్టారు. పుదుచ్చేరిలోని నెల్లితోప్ ఉప ఎన్నికలో మొదట వాడారు. రిటర్నింగ్ అధికారి పంపిన బ్యాలెట్‌ని ఓటీపీ, పిన్ నంబర్లతో తెరిచి, ప్రింటు తీసి, గుర్తు పెట్టి, స్పీడ్ పోస్టులో తిప్పి పంపాలి. పోస్టు ఖర్చు జవానుది కాదు. కవర్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, లెక్కింపు రోజు దాన్ని స్కాన్ చేసి సరిచూస్తారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 18,02,646 మంది సర్వీసు ఓటర్లుంటే 10,84,266 బ్యాలెట్లు తిరిగొచ్చాయి. అంటే సుమారు 60 శాతం.

ఈ అంకెకు సాంకేతికత ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. మన తేదీలే చూడండి. 2014లో కోస్తాలో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 23న ముగిసింది, లెక్కింపు మే 16న. పోవడానికి, రావడానికి కలిపి 23 రోజులు. 2019లో మార్చి 28 నుంచి మే 23 దాకా 56 రోజులు దొరికాయి. మనకి మొదటి విడతలో పోలింగ్ పెట్టి, మిగతా దేశం పూర్తయ్యేదాకా లెక్కింపు ఆపినందువల్ల వచ్చిన వెసులుబాటు అది. 2024లో ఏప్రిల్ 29 నుంచి జూన్ 4 దాకా 36 రోజులే. అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి, రెండు బ్యాలెట్లు పంపాల్సిన రాష్ట్రం మనది. బ్యాలెట్ వెళ్లేది క్షణాల్లో అయినా, తిరిగొచ్చేది మాత్రం ఇప్పటికీ పోస్టు సంచిలోనే. ఉప ఎన్నికలకైనా, విడతలు తక్కువున్న ఎన్నికలకైనా కనీసం ఇన్ని రోజులు ఉండాలని ఎవరూ గట్టిగా అడగడం లేదు. అడగాలి.

కుటుంబాల విషయంలో ఒక తప్పు చాలా ఏళ్లు నడిచింది. జవానుతో క్వార్టర్స్‌లో ఉండే భార్య సర్వీసు ఓటరు కావచ్చు. మహిళా అధికారి భర్తకు ఆ వీలు లేదు, చట్టంలో 'భార్య' అనే రాశారు కాబట్టి. 2021 డిసెంబరు సవరణలో ఆ మాటని 'జీవిత భాగస్వామి'గా మార్చారు. ఊళ్లోనే ఉండిపోయిన భార్య మాత్రం మామూలు ఓటరే. రిటైరై వచ్చినవాళ్లు కూడా సర్వీసు జాబితాలోంచి పేరు తీయించుకుని, మామూలు ఓటరుగా నమోదుకు ఫారం 6 పెట్టుకోవాలి. దీని గురించి చెప్పేవాళ్లు లేక, రిటైరయ్యాక కూడా మొదటి ఎన్నిక పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

లెక్కింపు కేంద్రంలో ముందుగా విప్పేది పోస్టల్ బ్యాలెట్లే. డిక్లరేషన్ లేకపోయినా, దాని మీద ఆఫీసరు సంతకం లేకపోయినా ఆ ఓటు చెల్లదు. 8 గంటలు దాటాక వచ్చిన కవర్లను అసలు విప్పరు. కట్ట కట్టి, సీలు వేసి పక్కన పెడతారు.

బాబాయి మడిచేసిన రెండో వేలు అలాంటి కవరే. పది రోజులు ఆలస్యంగా వచ్చిన ఆ బ్యాలెట్‌ని ఏం చేశావని అడిగాను. టిక్కు పెట్టి, సంతకం చేయించి, అంటించి, పోస్టులో వేశానన్నాడు.