పాత గేములే గొప్పవా? అపోహలు - వాస్తవాలు

మొన్న దసరాకి ఖమ్మంలో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు బావ అటక మీంచి పాత వీడియో గేమ్ సెట్టు దింపాడు. కొత్త టీవీకి కలిపి, పదకొండేళ్ల మేనల్లుడి చేతికి కంట్రోలర్ ఇచ్చాడు. మారియోలో మొదటి గుంట దగ్గరే వాడు నాలుగుసార్లు పడ్డాడు. "చూశావా బామ్మర్దీ, ఈ కాలం పిల్లలకి మన గేములు ఆడే దమ్ము లేదు" అన్నాడు బావ. పిల్లాడి మొహం చిన్నబోయింది.

నేను వాడి బొటనవేలు చూస్తున్నాను. నొక్కాల్సిన సమయానికే నొక్కుతున్నాడు. టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి గేమ్ మోడ్ ఆన్ చేశాను. ఆ తర్వాత రెండో ప్రయత్నంలోనే గుంట దాటేశాడు.

పాత డబ్బా టీవీలో బటన్ నొక్కిన వెంటనే బొమ్మ కదిలేది. కొత్త టీవీ వచ్చిన బొమ్మని ముందు పెద్దది చేసి, నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. సినిమా చూసేవాళ్లకి ఆ ఆలస్యం తెలియదు. దూకేవాడికి ప్రాణం మీదికొస్తుంది. గేమ్ మోడ్ పెడితే టీవీ ఆ హంగులు చాలావరకు తగ్గించి త్వరగా చూపిస్తుంది.

నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పన్నెండేళ్లుగా గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని. గేములో మనిషి ఎలా పరిగెత్తాలి, ఎలా దూకాలి అన్నదే నా రోజువారీ పని. పాతవి గొప్పా కొత్తవి గొప్పా అని నన్ను అడగని చుట్టం లేడు. అందరూ అనే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు చెప్తాను.

అపోహ: పాత గేములన్నీ బాగుండేవి

మనకి గుర్తున్నవి బాగుండేవి. 1982లో అటారీ కంపెనీ 'ఈ.టీ.' సినిమా పేరుతో ఒక గేమ్ తెచ్చింది. క్రిస్మస్‌కి అందించాలని ఒకే ప్రోగ్రామర్ చేత ఐదు వారాల్లో రాయించారు. అమ్ముడుపోక మిగిలిన క్యాసెట్లని మరుసటి ఏడాది న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పాతేశారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి కూడా.

అంత దూరం ఎందుకు, మన '9999 ఇన్ 1' క్యాసెట్ గుర్తు తెచ్చుకోండి. లిస్టులో ఎంత కిందికి వెళ్లినా అవే పాతికో ముప్పయ్యో గేములు, పేరు మార్చి, మొదలయ్యే లెవెల్ మార్చి మళ్లీ మళ్లీ వచ్చేవి. వాటిలో మనం రోజూ ఆడినవి మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల ఆట. మిగతావి ఒకసారి పెట్టి తీసేసినవే.

అపోహ: అప్పటి గేములు కష్టం, ఇప్పటివి పిల్లలాట

దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇది నా పనే.

పాత గేముల కష్టంలో రెండు రకాలున్నాయి. మొదటిది వ్యాపారం. ఆర్కేడ్ మెషీన్ బతికేది కాయిన్ల మీద. ఆడేవాడు త్వరగా ఓడిపోతేనే ఇంకో కాయిన్ పడుతుంది. ఇంటికొచ్చిన గేముల్లో కూడా అదే పద్ధతి చాలాకాలం సాగింది. పైగా మెమరీ తక్కువ. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కేబీ. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపుకునే ఫొటో చాలాసార్లు అంతకన్నా పెద్దది. అందులో మేఘాలకీ పొదలకీ ఒకటే బొమ్మ, రంగు మాత్రమే వేరు. అంత ఇరుకులో గేమ్ ఎక్కువసేపు నడవాలంటే ఓడిపోయి మళ్లీ మొదటికి రావడమే దారి.

రెండో రకం కష్టం నిజమైన పనితనం. 1981 నాటి డాంకీ కాంగ్‌లో ఒకసారి గాల్లోకి లేచాక దిశ మార్చలేం. 1985 మారియోలో మార్చొచ్చు. అంతేకాదు, పైకి లేస్తున్నంతసేపూ బటన్ నొక్కి పట్టుకుంటే గురుత్వాకర్షణ తక్కువగా లాగుతుంది, వదిలేస్తే గట్టిగా లాగుతుంది. చిన్న గెంతు, పెద్ద గెంతు వేలి కొసలోనే తేలిపోతాయి. నలభై ఏళ్లయినా ఇప్పటికీ మా టీములో కొత్తవాళ్లకి నేను మొదట చూపించేది ఆ జంపే.

ఈ కాలం గేములు చేసేవాళ్లు దాని మీద ఇంకో మెట్టు కట్టారు. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన గేమ్. కానీ అందులో అంచు దాటిపోయాక కూడా సెకనులో పదో వంతు వరకు జంప్ బటన్ పనిచేస్తుంది. నేలకి తాకకముందే తొందరపడి నొక్కితే గుర్తుపెట్టుకుని, కాలు ఆనగానే దూకిస్తుంది. ఆడేవాళ్లు ఇది గమనించరు, "నేను సరిగ్గానే నొక్కాను" అని తృప్తి పడతారు. ఓడిపోతే తప్పు తమదేనని ఒప్పుకుంటారు. మా వృత్తిలో ఇంతకంటే మంచి పని నాకు తెలియదు.

అపోహ: పాత గేముల్లో బగ్గులుండేవి కావు

ఉండేవి, అమ్మాక ఆ తప్పుల్ని సరిదిద్దే దారే లేదు. 1980 నాటి ప్యాక్-మ్యాన్‌లో 256వ లెవెల్‌కి చేరితే కుడివైపు సగం తెర పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. లెవెల్ లెక్కపెట్టే బైట్‌లో 255 దాకే పడుతుంది మరి. 1978లో స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు కదా, అది మొదట అనుకుని పెట్టింది కాదు. గీయాల్సిన బొమ్మలు తగ్గేకొద్దీ ప్రాసెసర్ తేలికపడి వేగం పెరిగింది. దాన్ని తయారుచేసిన నిషికాడో, ఆట రక్తి కడుతోందని అలాగే ఉంచేశాడు.

అయితే ఈ అపోహ వెనక ఒక న్యాయమైన కోపం ఉంది. "తర్వాత ప్యాచ్ ఇద్దాంలే, నెట్‌లోనే సరిదిద్దుదాంలే" అని సగం ఉడికినదాన్ని అమ్మడం ఇప్పుడు అలవాటైంది. 2020 డిసెంబర్‌లో బగ్గులతో వచ్చిన సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌ని సోనీ తన స్టోర్ నుంచే తీసేయాల్సి వచ్చింది. ఆర్నెల్ల తర్వాతే తిరిగొచ్చింది. డబ్బు పెట్టి కొన్నవాడు టెస్టర్ కాకూడదు.

అపోహ: క్యాసెట్‌ని ఊదితే పనిచేస్తుంది

మనందరం ఊదాం. నిజానికి పనిచేసేది బయటికి తీసి మళ్లీ సరిగ్గా పెట్టడం వల్ల. నోటి తడికి లోపలి రేకులు మెల్లగా పాడవుతాయి.

అపోహ: బాతుల ఆట గన్ పాడైపోయింది

బావ కూడా ఇదే అన్నాడు. గన్ బాగానే ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి డబ్బా మెరుస్తుంది. ఆ వెలుగుని గన్‌లోని సెన్సార్ పట్టుకుంటుంది. డబ్బా టీవీ బొమ్మని గీసే తీరుకి కొలత చూసి చేసింది కాబట్టి ఫ్లాట్ టీవీ మీద దానికి ఏమీ కనబడదు.

అపోహ: ఇప్పుడు కొన్న గేమ్ ఎప్పటికీ మనదే

ఈ ఒక్క విషయంలో, పాతవే మేలనే బావ పక్షమే నేను. ది క్రూ అనే కార్ల గేమ్‌ని డబ్బు పెట్టి కొన్నవాళ్లున్నారు. అది కంపెనీ సర్వర్లకి నెట్‌లో కలిస్తేనే నడిచేది. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు, డిస్క్ చేతిలో ఉన్నా గేమ్ తెరుచుకోదు. పాతవన్నీ భద్రంగా ఉన్నాయనీ అనుకోకండి. అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది.

ఆ రాత్రి పడుకునే ముందు మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, నేను పెద్దయ్యాక నా గేమ్ కూడా ఇలా అటక మీంచి దింపి ఆడొచ్చా?" వాడు రోజూ ఆడేది నెట్ లేకపోతే లాగిన్ దగ్గరే ఆగిపోయే గేమ్. కుదరదురా అని చెప్పాల్సి వచ్చింది. అప్పట్నుంచీ మా స్టూడియోలో ఏ కొత్త గేమ్ మొదలైనా మొదటి మీటింగ్‌లోనే సర్వర్ ఆపేసిన రోజు ఈ గేమ్ ఏమవుతుందని అడుగుతున్నాను. ఇప్పుడు చేస్తున్నదానిలో ఆఫ్‌లైన్ మోడ్ ఉంది. రెండు వారాల పని అదనంగా పడింది.