హెచ్‌ఐవి అంటని శరీరాలు: అపోహలు - వాస్తవాలు

దంపతులలో ఒకరికి పాజిటివ్, మరొకరికి నెగటివ్ అని తేలినప్పుడు, రెండవ పరీక్షలోనూ నెగటివ్ వచ్చిన మనిషి హెచ్‌ఐవి మందులిచ్చే మా ఏఆర్‌టీ కేంద్రంలో తరచుగా అనే మాట ఒకటుంది: "నా రక్తంలోనే ఏదో శక్తి ఉంది డాక్టరు గారూ, నాకిది అంటదు." భయంతో ఉన్న మనిషికి అలాంటి నమ్మకం ఎంత ఊరటనిస్తుందో నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో ఇంతటి నష్టం చేసిన అపోహను నేను మరొకటి చూడలేదు.

అపోహ: ఏళ్ల తరబడి నెగటివ్ వస్తోందంటే పుట్టుకతోనే రక్షణ ఉన్నట్టే.

వాస్తవం: అలాంటి రక్షణ నిజంగానే ఉంది, కానీ అది మనలో దాదాపు ఎవరికీ లేదు. వైరస్ రోగనిరోధక కణంలోకి దూరాలంటే ఆ కణం పైన తలుపులాంటి సిడి4 గ్రాహకం ఒక్కటే చాలదు, సాధారణంగా దాని పక్కన సిసిఆర్5 అనే మరో గ్రాహకం కూడా కావాలి. సిసిఆర్5 జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు లోపించిన ప్రతులు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అందినవారి కణాల మీద సిసిఆర్5 ఉండదని 1996లో తెలిసింది. ఉత్తర ఐరోపా సంతతిలో అలాంటివారు నూటికి ఒకరు ఉంటారు. మన దేశంలో ఆ మార్పే చాలా అరుదు. అది ఉన్నా, సిఎక్స్‌సిఆర్4 అనే వేరే గ్రాహకం ద్వారా ప్రవేశించే వైరస్‌ను ఆపలేదు.

మరి నెగటివ్ ఎందుకు వస్తోంది? కలిసిన ప్రతిసారీ వైరస్ సోకాలని లేదు. అంతకంటే ముఖ్యంగా, పాజిటివ్ ఉన్నవారు క్రమం తప్పకుండా మందులు వాడుతూ వైరల్ లోడ్‌ను, అంటే రక్తంలో ఉన్న వైరస్ మోతాదును, పరీక్షకు అందనంత తక్కువగా ఉంచుకుంటే లైంగికంగా భాగస్వామికి సోకదు. చెన్నై, పుణె దంపతులు కూడా పాల్గొన్న అంతర్జాతీయ అధ్యయనంలో, ముందుగానే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేలింది. అంటే భర్తకు పాజిటివ్ ఉంటే, భార్యను కాపాడుతున్నది ఆయన రాత్రి వేసుకునే మాత్ర.

కొన్నేళ్ల క్రితం పాజిటివ్ ఉన్న ఒకాయన, భార్యకు మూడుసార్లు నెగటివ్ వచ్చిందన్న ధీమాతో కండోమ్ మానేశారు, తరువాత మాత్రలూ మానేశారు. నాలుగవ పరీక్షకు ఆమె పాజిటివ్. "మూడుసార్లు లేదన్నారు కదండీ, ఇప్పుడెలా వచ్చింది?" అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర ఉన్న సమాధానం ఆమెకు ముందే చెప్పవలసినది. అప్పటి నుంచి దంపతులిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టకుండా నెగటివ్ రిపోర్టు ఇవ్వడం లేదు.

అపోహ: మన కణాలకు వైరస్‌ను ఎదిరించే శక్తే లేదు.

వాస్తవం: ఉంది, అందరికీ ఉంది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా రాసుకుంటున్నప్పుడు అపోబెక్3జీ అనే ప్రోటీన్ ఆ రాతను తప్పులతో నింపి పాడుచేస్తుంది. వైరస్ తన విఫ్ ప్రోటీన్‌తో దానిని నాశనం చేయిస్తుంది. కణం నుంచి విడిపోబోతున్న కొత్త వైరస్‌లను టెథరిన్ అనే మరో ప్రోటీన్ కణపు పొరకే కట్టిపడేస్తుంది. వైరస్ ప్రోటీన్ విపియు ఆ కట్టును విప్పుతుంది. శామ్‌హెచ్‌డి1 అనే ఇంకో ప్రోటీన్ అయితే డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకునే తగ్గించి మాక్రోఫేజ్‌లు, విశ్రాంతిలో ఉన్న టి కణాలు అనే రోగనిరోధక కణాలను చాలావరకు కాపాడుతుంది, అయితే విభజన చెందుతున్న టి కణంలో అది పనిచేయదు. ఈ ఆయుధాలన్నీ వైరస్ సోకినవారిలోనూ ఉన్నాయి కనుక, వీటిని ఒకరి ప్రత్యేక వరంగా చూపే వీడియోలను నమ్మకండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. సిడి4 (రోగనిరోధక కణాల సంఖ్య) బాగుందని మందులు వాయిదా వేయకూడదు. మందుల్లేకుండా వైరస్‌ను అదుపులో ఉంచగలవారు నూటికి ఒకరు కూడా లేరు, మన దేశంలో 2017 నుంచి సిడి4 ఎంత ఉన్నా చికిత్స ఇస్తున్నారు. హెచ్‌ఐవి నయమైన టిమొతీ బ్రౌన్‌కు బెర్లిన్‌లో చేసిన మూలకణ మార్పిడి లుకేమియా అనే రక్త క్యాన్సర్ కోసం, ప్రాణాపాయాన్ని లెక్కచేసి చేసినది; అందరికీ చేసే చికిత్స కాదు. ఇమ్యూనిటీ పొడులు హెచ్‌ఐవిని ఆపవు.

భాగస్వామికి పాజిటివ్ ఉండి మీకు నెగటివ్ వస్తుంటే ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకోండి, భాగస్వామి వైరల్ లోడ్ రిపోర్టు అడిగి చూడండి. వైరస్ అదుపులో లేని సమయంలో కండోమ్ చిరిగితే 72 గంటలలోపు, వీలైతే అదే రోజు, ఆసుపత్రికి రండి. 28 రోజుల నివారణ మందులు అప్పుడే మొదలుపెట్టాలి. అడగడానికి బిడియంగా ఉంటే హెచ్‌ఐవి హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, పేరు చెప్పనవసరం లేదు.