బల్లిని వెతకడం ఆపి గడియారం చూడండి

మొన్న ఆదివారం రాత్రి పదకొండున్నరకి ఒకే ఇంటి నుంచి ఆరుగురు వచ్చారు. అందరికీ వాంతులే. ఆ పూట తినకుండా పడుకున్న తాతగారు ఒక్కరే నిక్షేపంగా ఉన్నారు. ఆయన చేతిలో క్యారీ కవరు, అందులో స్టీలు గిన్నె, గిన్నెలో మిగిలిన ఫ్రైడ్ రైస్. "బల్లి గానీ పడిందేమో చూడండి డాక్టరు గారూ" అంటూ నా టేబుల్ మీద పెట్టారు.

నేను మూత తియ్యలేదు. "అన్నం ఎన్నింటికి వండారండీ?" అని అడిగాను.

పొద్దున గృహప్రవేశమట. పదింటికి అన్నం దించారు. మిగిలింది గుండిగలోనే ఉంచి మూతపెట్టారు. రాత్రి ఎనిమిదిన్నరకి అదే తీసి, గుడ్లు కొట్టి వేయించారు. పదిన్నరకల్లా మొదటి వాంతి. ఆ ఇంటి కోడలైతే ఏడుపొక్కటే తక్కువ. "పొగలు వచ్చేదాకా వేయించానండీ, ఏదీ పచ్చిగా లేదు" అని పదే పదే చెబుతోంది.

ఇన్నేళ్ల ప్రాక్టీసులో జనాన్ని ఎక్కువగా మంచాన పడేసిన మాట ఏదంటే ఇదే చెబుతాను: "మళ్లీ వేడి చేశాంగా, ఇంకేమవుతుంది?"

వేడికి బాక్టీరియా చస్తుంది, నిజమే. అది చచ్చేలోపు అన్నంలో వదిలేసిన టాక్సిన్‌ని, అంటే విషాన్ని, ఏం చేస్తారు? బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్స్, అంటే దాని గట్టి విత్తనాల్లాంటివి, మట్టిలో ఉంటాయి, బియ్యంతో పాటే ఇంటికొస్తాయి. అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్న గంటల్లో మేలుకుని, పెరిగి, సెరులైడ్ అనే టాక్సిన్ తయారుచేస్తాయి. కుక్కర్‌లో, అంటే సుమారు 120 డిగ్రీల వేడిలో, ఎన్ని విజిల్స్ వేయించినా అది పోదు. బాణలిలో ఐదు నిమిషాలు ఏ మూలకి?

స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే ఇంకో బాక్టీరియాదీ ఇదే తంతు. మన ముక్కుల్లో, చేతి మీది పుండ్లలో ఉంటుంది. వేలికి గుడ్డ చుట్టుకుని కోవా కలిపే మనిషి దగ్గరి నుంచి సులభంగా స్వీట్‌లోకి దిగుతుంది. దాని టాక్సిన్ అరగంట మరిగించినా చెక్కుచెదరదు. ఈ రెండిటిలోనూ వాంతులు తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల్లోపే మొదలవుతాయి. కాబట్టి ఆ కోడలు రాత్రి పొయ్యి దగ్గర ఎంత జాగ్రత్తపడినా ఒకటే. జరగాల్సింది పొద్దున గుండిగకి మూత పెట్టినప్పుడే జరిగిపోయింది. ఆ మాటే ఆమెకి చెప్పాను. అత్తగారికి వినబడేలా చెప్పాను.

గుండిగ సంగతి మా బావమరిది పెళ్లిలో కళ్లారా చూశాను. మధ్యాహ్నం భోజనాలకి దించిన అన్నం. పైన చల్లగా, గట్టిగా అట్టకట్టింది. సాయంత్రం ఐదింటికి గరిటెతో మధ్యలోకి గుంట చేసి చెయ్యి పెడితే లోపల ఇంకా వెచ్చగా ఉంది. బాక్టీరియాకి అంతకంటే పట్టుపరుపు ఏముంటుంది? పళ్లేల్లో పల్చగా పరవమన్నాను. "ముప్పై ఏళ్లుగా వండుతున్నానండీ" అన్నాడు వంట మాస్టారు. పెళ్లిలో డాక్టరు వేషాలు వేయొద్దని మా ఆవిడ.

అయినా చెప్పేది అదే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వండిన తిండి రెండు గంటలకు మించి ఉండకూడదు. అయితే పొగలు కక్కుతూ ఉంచండి, లేదా వెడల్పాటి పళ్లేల్లో పరిచి, ఫ్యాను కింద చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మటన్ కూరకీ ఇదే వర్తిస్తుంది. దాన్ని పాడుచేసే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా విషయంలో మాత్రం కూరని కుతకుతలాడించడం వల్ల ప్రయోజనం ఉంది. అలాగని రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేయమని కాదు.

"మరి మేము చద్దన్నం తిని పెరగలేదా?" అని మా అమ్మ. పెరిగారమ్మా. చద్దన్నం మజ్జిగలో పులుస్తుంది, ఆ పులుపు బాక్టీరియాని పెరగనివ్వదు. చింతపండు పులిహోర తిరుపతి దాకా పాడవకుండా వెళ్లేది కూడా అందుకే. ఫ్రైడ్ రైస్‌లో ఆ పులుపేది?

ఇక బల్లి. మన ఇళ్లలోని బల్లికి విషం లేదు. దాని పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, అది మరిగే సాంబారులో చస్తుంది. చల్లారాక పడితే వేరే మాట. హాస్టల్ పిల్లలు పడిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ బల్లి దొరికితే చాలు, కేసు అయిపోయినట్టే. ఎన్నింటికి వండారు, ఎన్నింటికి వడ్డించారు అన్నది ఎవరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వాసన బాగుందంటే మంచిదని కాదు, టాక్సిన్‌కి వాసన ఉండదు. ఫ్రిజ్ బాక్టీరియాని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. ఆఖరుగా తిన్నదే కారణమనీ అనుకోవద్దు. సాల్మొనెల్లాకి ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టొచ్చు, పాపం తిట్లు తినేది మాత్రం సాయంత్రం పానీపూరీ బండివాడు. చేప, పెరుగు కలిపి తింటే విషమవదు. పచ్చిగుడ్డు మయోనైజ్‌తో మాత్రం భయం నిజమే. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాది పాటు నిషేధించింది ఊరికే కాదు.

వాంతులవుతుంటే నీళ్లు మానేయడం అన్నిటికంటే ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి, చెంచా చెంచాగా పట్టండి. తీపి జ్యూస్ డబ్బాలు ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. జ్వరం గానీ, విరేచనంలో నెత్తురు గానీ ఉంటే మోషన్లు ఆపే బిళ్ల సొంతంగా వేసుకోకండి. యాంటీబయాటిక్ చాలామందికి అక్కర్లేదు.

ఆ ఆరుగురిలో ఐదుగురు తెల్లారేసరికి ఇంటికెళ్లారు. నాలుగేళ్ల పాపని మాత్రం ఇంకో రోజు ఉంచాను. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు అయితే ఆలస్యం చేయకండి. ఎవరికైనా సరే, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, నెత్తురు పడినా, మనిషి మగతగా ఉన్నా, ఒకటి రెండుగా కనబడినా వెంటనే రండి. అర్ధరాత్రి డాక్టరుని లేపాలా అని టెన్షన్ పడకండి. గిన్నె తేనక్కర్లేదు. ఏం తిన్నారో, ఎన్నింటికి వండారో, ఎన్నింటికి తిన్నారో ఒక కాగితం మీద రాసుకుని రండి.