వెంకయ్య కొడుకు సుబ్బయ్య... ఏ సుబ్బయ్య? వంశవృక్షాల్లో అపోహలు - వాస్తవాలు

పాత దస్తావేజులు చదివి వంశవృక్షాలు గీయడం నా పని. ఇందులో పెద్ద తప్పులు అక్షరాలు అర్థంకాక జరగవు. కనిపించిన పేరు ఎవరిదో తేల్చుకోకుండా మన తాతకు అంటగట్టడం వల్ల జరుగుతాయి.

అపోహ: ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు కలిస్తే ఇక అనుమానమే లేదు.

వాస్తవం: మన దగ్గర ఇది చాలదు. తాత పేరు మనవడికి పెడతాం కదా. సుబ్బయ్య కొడుకు వెంకయ్య, అతని కొడుకు మళ్లీ సుబ్బయ్య. అంటే "వెంకయ్య కొడుకు సుబ్బయ్య" తరం విడిచి తరం అదే ఊళ్లో పుడుతూనే ఉంటాడు. పైగా అన్నదమ్ములంతా పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టుకుంటే ఒకే వీధిలో నలుగురు సుబ్బయ్యలు. ఊరివాళ్లు పెద్ద సుబ్బయ్య, చావిడి సుబ్బయ్య అని పిలుచుకుంటారు. కాగితంలో ఆ గుర్తు ఉండదు.

అందుకే నేను ముందు సర్వే నంబరు, నాలుగు హద్దులు, సాక్షుల పేర్లు చూస్తాను. దాయాదుల్ని విడదీసేది భూమి. తాతామనవళ్లను విడదీసేది భార్య పేరు.

అపోహ: కాగితంలో సంవత్సరం పేరు ఉంటే తేదీ దొరికినట్టే.

వాస్తవం: అదే పేరు 60 ఏళ్లకు తిరిగొస్తుంది. వికారి 1899-1900లో వచ్చింది, 1959-60లోనూ వచ్చింది. తాతకూ మనవడికీ మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే! తొలిరోజుల్లో ఒక వికారి నాటి అప్పుపత్రాన్ని నేను మనవడి ఖాతాలో రాసేశాను. ఆ ఇంటి పెద్దావిడ కాగితం వెలుతురుకు పట్టుకుని, "బాబూ, స్టాంపు మీద రాణి బొమ్మ ఉంది కదా" అన్నారు. విక్టోరియా రాణి. 1959 అయితే నాలుగు సింహాలు ఉండాలి. ఆ రోజు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ముందు స్టాంపు చూస్తాను, తర్వాత తిథి, వారం పంచాంగంతో సరిచూస్తాను, పేరు ఆఖర్న. తెలంగాణ కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే ఒకే కుటుంబం.

చాలా ఇంటిపేర్లు ఊరి పేర్లే. ఆ ఊరు వదిలి వెళ్లిన వేర్వేరు కులాలవాళ్లకూ అదే ఇంటిపేరు ఉంటుంది. దీనికి తిరగబడ్డ సమస్య దత్తత: ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ మారి ఒక్క మనిషే ఇద్దరిలా కనిపిస్తాడు. అత్తింట్లో పేరు మార్చిన కోడళ్లదీ ఇదే కథ.

దక్షిణాఫ్రికా నుంచి నాకు రాసేవాళ్లు "మా ఇంటిపేరు అప్పన్న" లాంటి మాట అంటుంటారు. అది ఇంటిపేరు కాదు, 1860-1911 మధ్య కూలీగా ఓడెక్కి అక్కడి నాటాల్‌కు వెళ్లిన ముత్తాత పేరు. వాళ్లు పట్టుకోవాల్సింది ఓడ జాబితాలోని కూలీ నంబరు. దాని పక్కనే తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా రాశారు. జిల్లా ఉత్తర ఆర్కాటు అని ఉంటే తమిళనాడులోనే వెతుకుతూ కూర్చోవద్దు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు అందులోనే ఉండేవి.