ఎండకు సెల్సియస్, జ్వరానికి ఫారెన్‌హీట్

మే నెలలో కర్నూలు వాసి ఎవరైనా ‘నిన్న నలభై మూడు దాటింది’ అంటే ఆ లెక్క సెల్సియస్‌లోదని, ఆ మనిషే ‘పిల్లవాడికి నూట రెండు ఉంది’ అంటే అది ఫారెన్‌హీట్‌లోదని విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే ఇంట్లో వేడికి రెండు కొలతలు ఎందుకు మిగిలాయో తెలియాలంటే మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1686లో డాంజిగ్‌లో పుట్టిన డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ కొలత పరికరాలు తయారుచేసేవాడు. 1708లో కోపెన్‌హాగన్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఓలే రోమర్ వాడుతున్న కొలమానాన్ని చూసి, దాన్ని తన పనికి అనువుగా మార్చుకున్నాడు. 1724లో ప్రకటించిన వివరాల ప్రకారం, మంచు, నీరు, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్ అనే లవణం) కలిపిన మిశ్రమపు చల్లదనం సున్నా, నీళ్లలో కరుగుతున్న మంచు 32, ఆరోగ్యవంతుడి ఒంటి వేడి 96. ఈ 32 ఎక్కడిదని విసుక్కునే విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. 32కు, 96కు మధ్య ఉన్నవి 64 భాగాలు. ఆ దూరాన్ని ఆరుసార్లు సగం చేస్తూ పోతే డిగ్రీ గీతలన్నీ వచ్చేస్తాయి. గాజు గొట్టం మీద చేత్తో గీతలు పెట్టేవాడికి ఇంతకంటే సుఖమైన లెక్క లేదు.

స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో నూరు భాగాల కొలమానాన్ని ప్రతిపాదించినప్పుడు నీరు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. 1744లో ఆయన మరణించిన తరువాత అది తలకిందులై నేటి రూపానికి వచ్చింది. 1948లో అధికారికంగా సెల్సియస్ అన్న పేరు స్థిరపడినా మనవాళ్ల నోట సెంటీగ్రేడ్ ఇంకా పోలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో రాయలసీమ ఎండలను సైతం ఫారెన్‌హీట్‌లోనే లెక్కించేవారు. కర్నూలు రాజధాని హోదా పోగొట్టుకున్న 1956లోనే తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి దేశాన్ని మెట్రిక్ పద్ధతికి మళ్లించింది. వాతావరణ లెక్కలూ ఆ దారిలోనే సెల్సియస్‌లోకి మారాయి. ప్రభుత్వ శాఖ తన కొలతను ఒక నిర్ణయంతో మార్చుకోగలదు గానీ, ఇంటింటి అలమరలోని జ్వరమానినిని, వైద్యుడి నోటి అలవాటును మార్చడం అంత తేలిక కాదు. జ్వరం ఫారెన్‌హీట్‌లోనే ఉండిపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఆ అలవాటుకు గుండెకాయలాంటి 98.6 కూడా అసలు సెల్సియస్ సంతానమే: జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో ఒంటి సగటు వేడిని 37గా ప్రకటించగా, దాన్ని మార్చినప్పుడు ఆ దశాంశం పుట్టుకొచ్చింది.

నీరు గడ్డకట్టడానికి, మరగడానికి మధ్య సెల్సియస్‌లో 100 భాగాలు, ఫారెన్‌హీట్‌లో 180 ఉన్నాయి కనుక, ఫారెన్‌హీట్ కావాలంటే సెల్సియస్‌ను 1.8తో హెచ్చించి 32 కలపాలి. రెట్టింపు చేసి 30 కలిపితే చాలన్న చిట్కా చల్లని దేశాలకే నప్పుతుంది. 10 డిగ్రీల దగ్గర అది సరిగ్గా 50 చూపిస్తుంది. అనంతపురం 43కు మాత్రం 109.4 రావలసిన చోట 116 అంటుంది. తిరగేసి జ్వరానికి వాడితే మరీ ప్రమాదం: 38.9 కావలసిన 102 కాస్తా 36 అయి, జ్వరమే లేనట్టు కనిపిస్తుంది. అందుకు బదులు రెట్టింపులోంచి దానిలో పదోవంతు తీసేసి 32 కలిపితే నోటి లెక్కలోనే సరైన జవాబు వస్తుంది: 43కు రెట్టింపైన 86లోంచి 8.6 పోగా 77.4, దానికి 32 కలిపితే 109.4.

తేడాలను మార్చేటప్పుడు మాత్రం ఈ 32ను పూర్తిగా వదిలేయాలి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు అధికమైతే వడగాడ్పుగా వాతావరణ శాఖ లెక్కిస్తుంది. ఆ 40ని మార్చితే 104, 4.5ను మార్చితే 8.1 మాత్రమే. అలవాటుగా 32 కలిపేసినవాడికి కడపలో వేడి సాధారణం కంటే 40 డిగ్రీలు పెరిగినట్టు తేలుతుంది.