కొలువూ అభిప్రాయమూ: గోదావరి డెల్టాలో నూట నలభై ఏళ్ల తగవు

సొంత నమ్మకాల కారణంగా మనిషి ఉద్యోగం పోగొట్టుకోవడం న్యాయమేనా అన్న వాదన ఇప్పుడు ఎక్కువగా ఫేస్‌బుక్ రాతల చుట్టూ, వాట్సాప్ గ్రూపుల చుట్టూ నడుస్తున్నది కనుక ఇది ఈ కాలపు తగవేనని అనిపించవచ్చు. గోదావరి డెల్టాకు ఇది కొత్త కాదు. రాజమండ్రి, కాకినాడ కళాశాలల చరిత్రలో ఇది పదే పదే తలెత్తింది. ఆ ఘటనలను వరుసగా చూస్తే, అభిప్రాయం ఎంత తీవ్రమైనదన్న దానికంటే, జీతం ఇచ్చేది ఎవరు, ఆ అభిప్రాయం వారికి తగిలిందా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయించిందని తెలుస్తుంది.

కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన సర్కారు విద్యాలయంలో తెలుగు పండితులు. పెళ్లికి తోడ్పడినవారిని కులం వెలి వేసింది; శుభకార్యానికి పిలుపులు ఆగాయి, ఇంటి పనులకు మనుషులు దొరకడం కష్టమయింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో ఆదుకోకపోతే ఉద్యమం అంత దూరం సాగేది కాదు. అయినా పంతులుగారి ఉద్యోగానికి మాత్రం ముప్పు రాలేదు. ఊరంతా ఎదురు తిరిగినా జీతం ఊరిచ్చేది కాదు, వితంతు వివాహాలను 1856లోనే చట్టబద్ధం చేసిన ప్రభుత్వం ఇచ్చేది. ఈ రక్షణను ఉదారత అనుకోవడం పొరపాటు. పాలకులకు ఆ అభిప్రాయంతో పేచీ లేదు, అంతే.

పేచీ వచ్చిన చోట అదే ప్రభుత్వం ఎలా ఉంటుందో 1907లో అదే ఊరు చూసింది. ఆ ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించిన తరువాత విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దానిని క్రమశిక్షణా రాహిత్యంగా తీసుకున్నారు. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్లగొట్టడమే కాక, ప్రభుత్వోద్యోగానికి అనర్హుడిని కూడా చేశారు. చేయని ఉద్యోగం నుంచి ముందుగానే తొలగించడం అన్నమాట! ఇప్పుడు నియామకాలకు ముందు జరిగే పోలీసు విచారణ వెనుక ఉన్న తర్కం కూడా దీనికి మరీ దూరమైనదేమీ కాదు.

కాకినాడలో గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, ఉదంతం ఇంకా క్లిష్టమైనది. ఆయన పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్ర అధ్యాపకులు. ఆ కళాశాల ఛాందసుల కోట కాదు. పోషకుడైన పిఠాపురం రాజా బ్రహ్మసమాజానికి అండగా నిలిచినవారు, అంతకు ముందు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు సంఘ సంస్కరణకు పేరుపడినవారు. జంధ్యం తీసేసిన మనిషిని, కుల భేదం పాటించని మనిషిని భరించగల వాతావరణం అక్కడ ఉండేది. దేవుడే లేడన్న మనిషిని మాత్రం భరించలేకపోయింది. 1933లో నాస్తికత్వం కారణంగా ఆయనను తొలగించారు. ఆ తరువాత చేరిన మచిలీపట్నం హిందూ కళాశాలలోనూ ఇదే కారణంతో 1940 నాటికి ఆయన కొలువు ముగిసింది. ఆపైన ఆయన జీతం జోలికే పోక ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించారు. వృక్షశాస్త్రం బోధించడంలో ఆయనకు లోపం ఉందని ఎవరూ అనకపోవడం ఇక్కడ గమనించవలసిన సంగతి. సంస్కర్తల సహనానికీ ఒక గట్టు ఉంటుందనీ, ఆ గట్టు ఎక్కడుందో దాటిన తరువాతే తెలుస్తుందనీ నాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ తగవు న్యాయస్థానాలకు చేరింది. 1949 నాటి జాతీయ భద్రతా నియమాల కింద కమ్యూనిస్టు కార్యకలాపాల ఆరోపణపై బెంగాల్ నాగపూర్ రైల్వే సిబ్బందిని తీసివేసినప్పుడు, బాలకోటయ్య కేసుగా ప్రసిద్ధమైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1957 డిసెంబరులో ఆ తొలగింపులను సమర్థించింది. వారు కమ్యూనిస్టులుగా కొనసాగడానికి అడ్డేమీ లేదని, ప్రభుత్వోద్యోగంలో కొనసాగే హక్కు మాత్రం వారికి లేదని ఆ తీర్పు సారం. నమ్మకం నీది, జీతం మాది అన్న ఈ విభజన వినడానికి సమంజసంగానే ఉంటుంది, కానీ వేరే ఆధారం లేని కుటుంబానికి ఆ రెండూ విడివిడిగా ఉండవు.

తరువాతి తీర్పులు ఈ కాఠిన్యాన్ని కొంత తగ్గించాయి. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో తేలింది. మధ్యప్రదేశ్‌లో ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాలలో పాల్గొన్నాడన్న పోలీసు నివేదికపై తొలగించిన ఒక ఉపాధ్యాయుడి పక్షాన 1983లో తీర్పు వచ్చింది. తీర్పు రాసిన ఓ. చిన్నప్పరెడ్డి తెలుగువారు, వామపక్ష భావాలవైపు మొగ్గు ఉన్నవారిగా పేరుపడినవారు. తనకు గిట్టని రాజకీయం నెరపినవాడి కొలువును కాపాడిన ఆ తీర్పును ఈ చర్చలో నేను అన్నిటికంటే పైన ఉంచుతాను. సామాజిక మాధ్యమంలో రాసిన ఉద్యోగినిపై చర్యను 2020లో త్రిపుర హైకోర్టు తప్పుపట్టడం కూడా ఈ దారిలోనిదే. అయితే ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించరాదన్న ప్రవర్తనా నియమావళి ఇప్పటికీ ఉన్నది. దానిని ఎవరిమీద ప్రయోగిస్తారన్నది అధికారంలో ఉన్నవారిని బట్టి మారుతుంటుంది.

ప్రైవేటు రంగంలో ఈ మాత్రం రక్షణ కూడా లేదు. వాక్‌స్వాతంత్ర్యపు హామీ ప్రధానంగా రాజ్యానికి ఎదురుగా నిలబడేది, యజమానికి ఎదురుగా కాదు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రైవేటు విద్యాసంస్థల ఉపాధ్యాయులను విచారణ లేకుండా తొలగించరాదని చెబుతున్నా, ఏటేటా ఒప్పందం మీద పనిచేసే జూనియర్ కళాశాల అధ్యాపకుడికి వచ్చే జూన్‌లో పిలుపు రాకపోవడమే తొలగింపు. అమెరికాలో 2017లో గూగుల్ ఒక ఇంజనీరును స్త్రీపురుష భేదాలపై అతను రాసిన వివాదాస్పద పత్రం కారణంగా తీసివేసినప్పుడు ఇక్కడి ఐటీ కుటుంబాలలోనూ ఆ చర్చ నడిచింది. దాని వివరాలు వేరు. నా మటుకు, తోటివారినో, ఎదురుగా కూర్చున్న పిల్లలనో కులం పేరిట హీనంగా చూసే అధ్యాపకుడి మాట సొంత అభిప్రాయంగా మిగలదు, అది అతని పనిలో లోపమే. గోరా నాస్తికత్వం అలాంటిది కాదు. ఆ తేడాను విచారణలో రుజువు చేయవలసిన భారం మాత్రం తీసివేసేవారిదే.

జీతమే లేని, రోజు కూలి మాత్రమే ఉన్నవారి సంగతి ఈ చరిత్రలో అరుదుగా కనిపిస్తుంది. 2017లో భీమవరం దగ్గర పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం విషయమై వివాదం రేగి దళితులను సాంఘికంగా బహిష్కరించినప్పుడు వారు ముందుగా పోగొట్టుకున్నది పొలం పనులే. అక్కడ విగ్రహం నిలపాలన్నది వారి అభిప్రాయం, కూలి పోవడం దానికి శిక్ష. సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరంగా పేర్కొన్న అట్రాసిటీ చట్ట సవరణ 2016 జనవరి నుంచే అమలులో ఉన్నది. కానీ నాట్లకు, కోతలకు వేరే ఊరి కూలీలను పిలుచుకునే రైతు ఎవరికీ నోటీసు ఇవ్వనక్కరలేదు, కారణం రాయనక్కరలేదు. పని పోయిన కూలీలకు, ప్రభుత్వోద్యోగులను విచారణ లేకుండా తొలగించరాదనే రాజ్యాంగపు ఆర్టికల్ 311 వర్తించదు, నష్టపోయినట్టు చూపడానికి చేతిలో నియామక పత్రమూ ఉండదు.