పార్టు మార్చే ముందు ఓల్టేజీ చూడండి

పోయిన ఎండాకాలం మా బండి మూడు వారాల్లో నాలుగుసార్లు మొరాయించింది. ఒకసారి దేవరకొండ నుంచి నల్లగొండ వస్తుంటే కొండమల్లేపల్లి దాటాక గుంతలో పడ్డ మరుక్షణం ఆగిపోయింది, మిగతా మూడుసార్లూ ఇంటి ముందరే. సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని ఒక చప్పుడు, డిస్‌ప్లే మొత్తం ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది, ఇంజిన్ మాత్రం తిరగదు. మధ్యలో పసుపు ఇంజిన్ లైట్ కూడా ఒకరోజు వచ్చి పోయింది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి అన్న కోడ్ చూసి, “ఆక్సిజన్ సెన్సార్ పోయింది తమ్మీ, మార్చాలె” అన్నాడు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే ఆ సెన్సార్‌ను మార్పించాను. వారం బాగుంది, మళ్ళీ అదే. ఈసారి బ్యాటరీ అన్నారు, అదీ కొత్తది వేయించాను. నాలుగో రోజు పొద్దున బాపు పొలానికి పోదామని సెల్ఫ్ కొడితే మళ్ళీ ‘టక్’.

చివరికి దొరికిన తప్పు ఏమిటంటే, బ్యాటరీ నెగెటివ్ నుంచి వచ్చే లావు నల్ల వైరు ఇంజిన్ బాడీకి బిగించే చోట బోల్టు కింద తెల్లగా పేరుకున్న తుప్పు. గరుకు కాగితం ముక్కతో పోయింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. షెడ్డు అన్నను నేను తప్పుపట్టడం లేదు. కార్బొరేటర్ బండ్ల కాలంలో ఆయన చెవితో విని చెప్పినవి నూటికి తొంభై నిజమయ్యేవి. మారింది బండి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాయి, వాటితోపాటు మామూలు వంద సీసీ బండ్లలో కూడా చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ మార్పులో మనం సరిగ్గా పట్టించుకోని సంగతి కరెంటు. కార్బొరేటర్‌కు కరెంటుతో పనే లేదు, ఇంజిన్ గాలి పీల్చే ఊపుకే పెట్రోలు పైకి లేచి ఆ గాలిలో కలిసేది. కిక్ కొడితే మాగ్నెట్ తిరిగి స్పార్క్ కూడా అక్కడే పుట్టేది కాబట్టి చాలా పాత బండ్లు బ్యాటరీ చచ్చిపోయినా నడిచేవి. ఇప్పుడు అలా కాదు. ట్యాంకులో ఉన్న పంపు పెట్రోలును దాదాపు 3 బార్ల ఒత్తిడికి తేవాలి, ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ మేలుకోవాలి, ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ ఇరుసు ఏ కోణంలో ఉందో సెన్సార్ చెప్పాలి, అప్పుడు ఇంజెక్టర్ కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలి. అన్నింటికీ బ్యాటరీయే ఆధారం. అందుకే బ్యాటరీ బాగా దిగిపోయిన ఇంజెక్షన్ బండిని నలుగురు తోసినా చాలాసార్లు స్టార్ట్ కాదు, ఓల్టేజీ కాస్త అటూఇటూ అయితే సంబంధం లేని చోట్ల తప్పులు కనిపిస్తాయి.

ఓల్టేజీ, నిరోధం కొలిచే మల్టీమీటర్ పట్టుకోవడానికి ముందు చెవితో చేసే పరీక్ష ఒకటి ఇప్పటికీ ఉంది. తాళం తిప్పి, కిల్ స్విచ్ ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా ఊరికే వినండి. ట్యాంకు కింద రెండు మూడు సెకన్లు సన్నగా ‘జుయ్’మని పంపు తిరిగి ఆగాలి. ఆ చప్పుడు లేదంటే ప్లగ్గు జోలికి పోనక్కర్లేదు, కిల్ స్విచ్, ఫ్యూజు, పంపు కనెక్టర్ చూసుకోవాలి. ఇంకోటి, బండి ఎప్పుడైనా పక్కకు పడిందా అని అడగండి. చాలా బండ్లలో వాలును కనిపెట్టే సెన్సార్ ఉంటుంది, పడిపోగానే అది పంపును, స్పార్క్‌ను ఆపేస్తుంది, బండిని లేపి నిలబెట్టినా తాళం ఒకసారి పూర్తిగా తీసి మళ్ళీ వేస్తే తప్ప చాలా బండ్లు స్టార్ట్ కావు. మా వీధిలో ఒకాయన కొట్టంలో పడిన బండిని ఈ సంగతి తెలియక ట్రాలీ ఆటోలో షెడ్డుకు పంపించాడు.

ఇక ఇంజిన్ లైట్. ఈసీయూ తనకు నచ్చని సంగతి కనిపించినప్పుడు ఒక కోడ్ దాచుకుంటుంది. కొన్ని బండ్లలో ఆ లైటే మినుకుతూ అంకె చెబుతుంది, పొడవు మినుకు పది, పొట్టిది ఒకటి, అంటే రెండు పొడవు, ఒక పొట్టి కలిస్తే 21. చాలావాటిలో సీటు కిందో పక్క ప్యానెల్ లోపలో ఉండే కనెక్టర్‌కు చిన్న స్కానర్ తగిలిస్తే పీ0130, పీ0562 లాంటి కోడ్‌లు ఫోన్‌లోనే కనిపిస్తాయి. మొదటిది ఆక్సిజన్ సెన్సార్ సర్క్యూట్, రెండోది సిస్టమ్ ఓల్టేజీ తక్కువ. ఇక్కడే అందరం పొరపడతాం. కోడ్ చెప్పేది ‘సర్క్యూట్’ గురించి. అంటే సెన్సార్, దాని వైరు, కనెక్టర్, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్ళే దారి), అన్నీ కలిపి. “ఈ దారిలో వస్తున్న మాట నమ్మేటట్టు లేదు” అంటుంది ఈసీయూ, సెన్సార్ పోయిందని ఎక్కడా అనదు. మా బండి ఆక్సిజన్ సెన్సార్ ఇచ్చే సిగ్నలే 0.1 నుంచి 0.9 వోల్ట్ల లోపు. దాన్ని కొలిచేది ఎర్త్‌తో పోల్చి. ఆ ఎర్త్ వైరే అదురుకు ఊగుతూ పావు వోల్ట్ అటూ ఇటూ అయితే కొత్త సెన్సార్ మాత్రం ఏం చేస్తుంది?

దీనికంటే కష్టమైనది అసలు లైటే రాని తప్పు. ఇంజిన్ వేడిని చూసే సెన్సార్‌ను తీసుకోండి. అది వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే రకం. మామూలు గది వేడిలో సుమారు 2,000 నుంచి 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర దాదాపు 300 ఓమ్‌లు ఉండడం చాలా బండ్లలో మామూలు (మీ బండి అసలు లెక్క సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది). దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బండి చల్లగా ఉన్నప్పుడు సెన్సార్ విప్పి, ఒక గిన్నెలో నీళ్ళు కాచి, దాని లోహపు కొనను మాత్రం ముంచి, పక్కన థర్మామీటర్ పెట్టి, మల్టీమీటర్‌లో అంకె ఎలా దిగుతుందో చూడండి. ఆగి ఆగి కాకుండా వరుసగా దిగితే సెన్సార్ మంచిదే. ఇప్పుడు అదే సెన్సార్ కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టి ఇంకో 300 ఓమ్‌లు అదనంగా చేరాయనుకోండి. ఇంజిన్ 80 డిగ్రీల్లో ఉన్నా ఈసీయూకు 600 ఓమ్‌లు కనిపిస్తాయి, అంటే అది 60 డిగ్రీల లోపే అనుకుంటుంది. చల్లగా ఉంది కదా అని పెట్రోలు కాస్త ఎక్కువ కొడుతుంది. 60 డిగ్రీలు నమ్మదగ్గ అంకే కాబట్టి లైట్ వేయదు. మీకు కనిపించేది మైలేజీ తగ్గడం, ప్లగ్గు నల్లగా మసిబారడం, వేడి మీద స్టార్ట్ కావడానికి సతాయించడం. ఇంజెక్టర్ క్లీనింగ్, ప్లగ్గు, ఫిల్టర్ అంటూ డబ్బులు అయిపోతాయి, కారణం మాత్రం కనెక్టర్‌లో కూర్చొని ఉంటుంది.

మైలేజీ అన్నాను కాబట్టి ఒక మాట. పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ కలుస్తోంది. లీటరుకు లీటరు లెక్కేస్తే ఎథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కొంత తేడా అక్కడే ఉంది, దాన్ని బండి తప్పు కింద లెక్కేయకండి. ఎథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది, అందుకే ఊళ్ళో నెలల తరబడి వదిలేసే బండికి ట్యాంకు సగం ఖాళీగా ఉంచడం మంచిది కాదు.

మళ్ళీ ఎర్త్ బోల్టు దగ్గరికి వద్దాం, నాకు ఎక్కువ నేర్పింది అదే. మామూలు మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీసుకోవాలి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే బ్యాటరీ రెండు కొనల మధ్య 12.6 వోల్ట్లో, ఇంకాస్త ఎక్కువో ఉండాలి, 12.2 అంటే సగం దిగినట్టు, 12 లోపు అంటే చార్జింగ్ పెట్టాల్సిందే. సెల్ఫ్ నొక్కి పట్టుకున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తూ కాస్త రేజ్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య నిలవాలి, అంతకు ఎదగకపోతే మాగ్నెట్ కాయిల్ గానీ, ఆ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే రెక్టిఫైర్ గానీ చూడాలి, 15 దాటి పోతుంటే రెక్టిఫైర్ చెడినట్టే, అలాగే నడిపితే బ్యాటరీ ఉడికిపోతుంది.

మా బండికి ఈ మూడూ బాగానే వచ్చాయి. కొత్త బ్యాటరీ కదా. అయినా ఇంజిన్ ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాలేదు. అప్పుడు నాలుగోది చూశాను. మీటర్ నల్ల కొన బ్యాటరీ నెగెటివ్ కొమ్ము మీద, క్లిప్పు మీద కాదు, కొమ్ము మీదే. ఎర్ర కొన ఇంజిన్ మీద పెయింటు లేని బోల్టు తల మీద. రెండూ ఒకే ఎర్త్ కాబట్టి మధ్య ఓల్టేజీ ఉండకూడదు. తమ్ముడిని సెల్ఫ్ నొక్కమన్నాను. 1.3 వోల్ట్లు! పావు వోల్ట్ కూడా రాకూడని చోట అది.

లెక్క చూడండి. సెల్ఫ్ మోటార్ తిరగాలంటే 50 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 1.3ను 50తో భాగిస్తే 0.026 ఓమ్. మనం చిన్నప్పుడు చదువుకున్న ఓమ్ సూత్రమే. ఇంత చిన్న నిరోధం హెడ్‌లైట్‌కు, హారన్‌కు తెలియనే తెలియదు, అవి లాగేది కొద్ది ఆంపియర్లు. సెల్ఫ్‌కు మాత్రం బ్యాటరీలో ఉన్నదాంట్లోంచి 1.3 వోల్ట్లు దారిలోనే ఖర్చైపోతున్నాయి, అదే బోల్టు దగ్గర వైరింగ్ ఎర్త్ కూడా కలుస్తుంది కాబట్టి ఈసీయూకు, డిస్‌ప్లేకు కూడా ఓల్టేజీ పడిపోయి అవి ఆరి వెలుగుతున్నాయి. ఇంకో సంగతి, అందరూ చేసేదాన్ని నేను కూడా ముందు చేశాను. మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి ఆ వైరు చూశాను. 0.3 చూపించింది. కొనలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే కూడా అదే 0.3. అంటే అది మీటర్ వైర్ల నిరోధమే, 0.026 అందులో కనిపించే అవకాశమే లేదు. బీప్ మోడ్ కూడా బీప్‌మనే అంటుంది. భారం పడినప్పుడు కొలిస్తేనే ఈ తప్పు బయటపడుతుంది.

ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పి, తర్వాత ఆ బోల్టు తీసి, వైరు చివరి రింగును, ఇంజిన్ బాడీ మీద అది కూర్చునే చోటును మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం వ్యాసలిన్ పూశాను. మళ్ళీ కొలిస్తే 0.1. బండి ఒక్క నొక్కుకు తిరిగింది. తీసేసిన పాత బ్యాటరీని చార్జింగ్ పెట్టి చూస్తే అదీ మంచిదే.

అక్కడ తుప్పు ఎందుకు పట్టింది అంటే బండి కడిగే తీరు అని నా అనుమానం. మన బోరు నీళ్ళలో లవణాలు ఎక్కువ. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు, మన నీళ్ళ సంగతి అంత పేరు పొందింది. రాగి రింగు, అల్యూమినియం బాడీ తాకే చోట ఉప్పు నీళ్ళు చేరితే అదో చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. ప్రెషర్ గన్‌తో ఇంజిన్ పక్కన, సీటు కింద కొట్టకండి. రేడియేటర్ ఉన్న బండైతే అందులో బోరు నీళ్ళు అస్సలు పోయవద్దు, కూలెంట్ మాత్రమే.

గాలి ఫిల్టర్ కూడా మన దగ్గర పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. జడ్చర్ల, కల్వకుర్తి వైపు చెల్కల ఎర్ర దుమ్ము, కోతలప్పుడు హార్వెస్టర్ లేపే పొట్టు దుమ్ము, సగం గడువుకే విప్పి చూడండి. నూనె తడి ఉండే కాగితపు ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్ళీ వేయకూడదు, మార్చడమే. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి, క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే జారే ప్రమాదం ఉంది. నాట్ల కాలంలో పొలం నుంచి వచ్చాక ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైట్ ఆరకపోతే ముందుగా చక్రం దగ్గర చిల్లుల రింగులో బురద ఇరుక్కుందేమో చూడండి. బండి కదలకముందు ఆ లైట్ వెలిగి ఉండటం మాత్రం తప్పు కాదు.

ఏబీఎస్ బ్రేకుల్లో గాలి తీయడం, పెట్రోలు పైపు విప్పడం నేను ఇంట్లో చేయను. ఒకదానికి ప్రాణం, ఇంకోదానికి మంట సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకొని తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి రెండేళ్ళకోసారి షెడ్డులో మార్పిస్తాను. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు అది తెలుస్తుంది.

మిగతావన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, ఆగి ఉన్నప్పుడు, సెల్ఫ్ అప్పుడు, నడుస్తున్నప్పుడు ఓల్టేజీ, చివర ఎర్త్. నాలుగు నెలలు ఎర్త్ దగ్గర 0.1 అనే వచ్చింది. వానలు వెనకబట్టాక పోయిన ఆదివారం 0.2 చూపించింది. ఈ ఆదివారం ఆ బోల్టు ఇంకోసారి విప్పుతాను.